మొద్దుబారిన ముప్పావుగంట

నా చేతులను నేను సరిగ్గా చూసుకున్నది యాభై ఆరో ఏట, ఒక ఫోన్ తెర మీద.

సూర్యాపేటలో ఒక చీరల దుకాణంలో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. నా పని చీర విప్పి చూపించడం. మడత మీద ఉన్న చీరను చేతిలోకి తీసుకుని మణికట్టు ఒక్కసారి విదిలిస్తే, అది గాలిలో కాసేపు ఆగి, తెల్ల పరుపు మీద మెల్లగా వాలుతుంది. అంచు కొనేవాళ్ల ఒళ్లో పడాలి, కొంగు నా వైపు మిగలాలి. ఇన్నేళ్లలో చీరల రంగులు గుర్తున్నాయి, కొన్నవాళ్ల ముఖాలు గుర్తున్నాయి. వాటిని పరిచిన చేతులు మాత్రం ఎప్పుడూ నా కంట పడలేదు.

రెండేళ్ల కిందట మా సేటు కోడలు చీరలను ఫోన్‌లో చూపించడం మొదలుపెట్టింది. స్టాండుకు తగిలించిన ఫోన్ పైనుంచి కిందికి చూస్తుంటుంది. కింద నేను చీర పరుస్తూ, రంగు గురించి, నేత గురించి చెబుతుంటాను. మనిషి కనపడదు. చీర, గొంతు, రెండు చేతులు, అంతే.

మొదటి వీడియో పూర్తయ్యాక ఆ అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది. గొంతు నాదే. నెమలి కంఠం రంగు చీర నేను పరిచిందే. కానీ ఆ చేతులు మా అక్కవి. మిర్యాలగూడలో ఉండే అక్క చేతులు ఇక్కడికెట్లా వచ్చాయా అని ఒక క్షణం నిజంగానే అనుకున్నాను. పైకి తేలిన నరాలు, వేళ్ల మొదట్లో గుంటలు, బొటనవేలి నుంచి మణికట్టు దాకా చెదురుమదురుగా గోధుమరంగు మచ్చలు. చీర మడతల మధ్య పెట్టే పల్చటి కాగితాన్ని నలిపి మళ్లీ సాపు చేసినట్టుంది చర్మం.

ఆ వీడియో కింద ఎవరో రాశారు, చీర బాగుంది కానీ ఆ ముసలి చేతులు చూడలేకపోతున్నామని. సేటు కోడలు ఆ మాటను వెంటనే తీసేసింది. తీసేసేలోపే నేను చదివాను.

వారం తర్వాత ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఆంటీ, మీరు మాట్లాడుండ్రి సాలు. చీర ఆ కొత్త పిల్ల పరుస్తది. మీ గొంతు అందరికి మస్తు నచ్చుతున్నది.”

“సరే తల్లీ,” అన్నాను. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అప్పటినుంచి నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మాట్లాడేదాన్ని, ఇరవై ఏళ్ల పిల్ల చీర పరిచేది. ఆ పిల్ల గోళ్లకు లేత గులాబీ రంగు. వేళ్లు పొడుగ్గా, నునుపుగా ఉండేవి. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఆ వీడియోలు పెట్టుకుని చూసేదాన్ని. నా గొంతు ఆ చేతుల్లోంచే వస్తున్నట్టుండేది. కళ్లు సగం మూసుకుంటే, నేనే ఎప్పుడో ఇరవై ఏళ్లప్పుడు ఇక్కడ కూర్చుని చీర పరుస్తున్నట్టు, మధ్యలో గడిచినవన్నీ ఎవరో చెప్పగా విన్నవైనట్టు ఉండేది. అది బాధో సుఖమో తెలిసేది కాదు. ఫ్యాన్ తిరుగుతుండేది, పరుపు మీద చీరలు కదులుతుండేవి.

ఇంట్లో పాలమీగడ రాశాను, నిమ్మచెక్క రుద్దాను, మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొన్నాను. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఒకరోజు భోంచేస్తూ, నా చేతులు చూపించి ఎట్లున్నాయని అడిగాను.

“మంచిగనే ఉన్నయ్ గదా. ఏమైంది? షాక్ కొట్టిందా?” అన్నాడు.

ఆయనకు చేతులంటే అదొక్కటే భయం.

చివరికి కోదాడ వెళ్లాను. చర్మం డాక్టర్లు సూర్యాపేటలోనూ ఉన్నారు. కానీ ఇక్కడ ఏ దవాఖాన మెట్లెక్కినా నేను చీర చూపించిన ఆడమనిషి ఒకరు కూర్చుని ఉంటారు, ఏమైంది అక్కా అని అడుగుతారు. కోదాడలో నన్ను అడిగేవాళ్లు లేరు.

అక్కడి డాక్టరుకు ముప్పై ఐదేళ్లుంటాయి. నేను ఏమీ చెప్పకముందే నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి చూసింది. ఎవరైనా నా చేతులను అంతసేపు పట్టుకుని ఎన్నాళ్లయిందో.

“ముఖానికైతే అందరూ ఏదో ఒకటి రాసుకుంటారమ్మా. ఎండొస్తే కొంగు కప్పుకుంటారు. చేతుల్ని ఎవరూ పట్టించుకోరు,” అంది. “ఈ మచ్చలు ఎండవల్ల వచ్చినవి. లేజర్‌తో తగ్గించొచ్చు. నరాలు ఇలా తేలాయంటే చర్మం కింద ఉండే కొవ్వు తగ్గిపోయింది. అక్కడ ఫిల్లర్ అని ఒక ఇంజెక్షన్ ఇస్తే నిండుగా కనపడతాయి. ఓ ఏడాది, అటూ ఇటూ ఉంటుంది, తర్వాత కరిగిపోతుంది.”

“చిన్నపిల్లల చేతులలెక్క అయితయా?”

ఆమె నవ్వింది. “అలా ఎవరైనా చెప్తే నమ్మకండి. పదేళ్ల కిందటి మీ చేతులు కొంతవరకూ తిరిగి రావచ్చు. దానికైనా రోజూ క్రీము రాయాలి, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాయాలి. మానేస్తే మచ్చలు మళ్లీ వస్తాయి.”

మన రంగు చర్మానికి లేజర్ తొందరపడి చేయకూడదట, ఒక్కోసారి ఇంకా నల్లబడుతుందట. అందుకని ఆ రోజు ఎడమచేతి చిటికెనవేలి కింద ఉన్న ఒక్క మచ్చ మీదే చేసి చూసింది. కళ్లకు నల్లద్దాలు పెట్టారు. చీకట్లో ఎక్కడో చిటుక్కుమంది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంది. అంతే. నెల తర్వాత రమ్మంది.

బయటికి వచ్చి బస్టాండుకు వెళ్లేసరికి సూర్యాపేట బస్సు కదిలిపోతోంది. పక్కన హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఆగి ఉంది. ఎందుకెక్కానో ఇప్పటికీ చెప్పలేను. మా ఆయనకు ఫోన్ చేసి, అక్క దగ్గరికి పోతున్నానని చెప్పి కిటికీ పక్కన కూర్చున్నాను.

చలికాలంలో వేసే యాసంగి నాట్లు సగం పడ్డాయి. రోడ్డుకు రెండు వైపులా నీళ్లు నిలిచిన మడులు, వాటిలో మబ్బులు. నాటిన చోట పచ్చటి గీతలు, నాటని చోట ఆకాశం. బస్సు పోతున్నట్టు లేదు, పొలాలే నెమ్మదిగా వెనక్కి జారుతున్నట్టుంది. ఒక మడిలో ఆడవాళ్లు వరుసగా వంగి ఉన్నారు, వాళ్ల చీరల రంగులు నీళ్లలో తలకిందులుగా వణుకుతున్నాయి. ఆ వరుసలో ఒకరు నడుము నిలబెట్టి బస్సు వైపు చూశారు. అక్కేమో అనిపించింది. అక్క నాట్లు మానేసి నలభై ఏళ్లయింది.

మాది నడిగూడెం దగ్గర పల్లె. అక్క నాకన్నా పదేళ్లు పెద్దది. మా అమ్మకు ఎప్పుడూ ఆయాసం, మంచం దిగితే గొప్ప. అందుకని పన్నెండేళ్లకే అక్క అమ్మ బదులు కూలికి పోయింది. నన్ను వెంట తీసుకుపోయేది కానీ మడిలో దిగనిచ్చేది కాదు. గట్టు మీద కూర్చోబెట్టేది. నేను వంగి ఒక చెయ్యి నీళ్లలో పెడితే అరిచేది.

“బురదల చెయ్యి పెట్టకు. చేతులు పాడైతయ్. నువ్వు రాసుకునే చేతులవి.”

నేను పదో తరగతి దాకా రాసుకున్నాను. తర్వాత సూర్యాపేటలో పెళ్లయి, చీరల దుకాణంలో చేరాను. అక్క పెళ్లయి మిర్యాలగూడ వచ్చి, బియ్యం మిల్లులో చేరింది. ఉడకబెట్టిన వడ్లు గచ్చు మీద ఆరబోయడం, తిరగతోడటం, ఊడ్చి కుప్ప చేయడం. పైన ఎండ, కింద వేడి గచ్చు, మధ్యలో వడ్ల ఆవిరి. ముప్పై ఏళ్లు ఆ పని చేసింది. మా బావ అదే మిల్లులో హమాలీ.

ఆ సాయంత్రం నేను చెప్పకుండా వచ్చినందుకు అక్క సంతోషపడింది, తర్వాత అనుమానపడింది.

“ఏందే గిట్లొచ్చినవ్? ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?”

“ఏం లేదక్కా. రావాలనిపించింది, వచ్చిన.”

టీ గ్లాసు అందిస్తూ నా ఎడమచేయి పట్టుకుంది. లేజర్ పడ్డ మచ్చ అప్పటికే నల్లగా, ఎర్రటి అంచుతో కనపడుతోంది.

“కాలిందా?”

అక్కకు నేను ఎన్నడూ అబద్ధం చెప్పి నిలబెట్టుకోలేదు. వీడియో, కోదాడ, డాక్టర్, అన్నీ చెప్పాను. ఒక్కమాట మాత్రం దాచాను. తెర మీద చూసినప్పుడు అవి నీ చేతుల్లా ఉన్నాయనీ, అందుకే నాకు భయమేసిందనీ చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

అక్క నవ్వుతుందనుకున్నాను. లేకపోతే, పనీపాటా లేదా అని తిడుతుందనుకున్నాను. లేచి వంట చేసింది. బావ తిని, టీవీ ముందు కూర్చున్నాడు. అక్క అరుగు మీద నా పక్కన కూర్చుని, కొంగు కింద చేతులు పెట్టుకుని, చాలాసేపు వీధి వైపు చూసింది. మిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. అప్పుడు, ఎవరితోనో అన్నట్టు అడిగింది.

“ముసలోళ్లకు గూడ సేస్తరా?”

“ఎవరికక్కా?”

“నాకే.”

అరవై ఆరేళ్ల అక్క ముఖం ఎర్రబడింది.

అప్పుడు చెప్పింది. ఇరవై ఏళ్ల కిందట ఒక మిల్లు యజమాని ఇంట్లో పెళ్లి అయితే, సాయానికి మిల్లు ఆడవాళ్లను పిలిచారు. అక్క తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. లడ్డూల పళ్లెం పట్టుకుని వడ్డించబోతే, బంతిలో ఒకావిడ విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, వేరేవాళ్లను పంపమంది. ఎవరో వచ్చి అక్క చేతిలో పళ్లెం తీసుకున్నారు. అక్కను వెనక్కి, గిన్నెలు కడిగే చోటికి పంపారు.

“గిన్నెలు తోముటానికైతే అడ్డం రాలే, ఈ చేతులు,” అంది అక్క. గొంతులో కోపం లేదు. “అప్పటిసంది నలుగురున్న కాడ చేతులు బయట పెట్టబుద్ధి కాదు. చర్చిల ప్రార్థనప్పుడు గూడ కొంగు కిందనే జోడిస్త. మీ బావకు గూడ చెప్పలే.”

నాకు మా ఇంట్లో ఉన్న ఈ ఇరవై ఏళ్ల ఫోటోలన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకు వచ్చాయి. మా అబ్బాయి పెళ్లి ఫోటో, వాడి కొడుకు మొదటి పుట్టినరోజు, క్రిస్మస్ ఫోటోలు. ప్రతి ఫోటోలోనూ అక్క నవ్వుతోంది. ఒక్కదానిలోనూ చేతులు లేవు. ఇన్నేళ్లు నేను అది చూడలేదు.

నెల తర్వాత ఇద్దరం కోదాడ వెళ్లాం. నా మచ్చ రాలిపోయి, అక్కడ చర్మం తేటపడింది. డాక్టర్ అక్క చేతులు తీసుకుని చాలాసేపు చూసింది. ఏమీ అనకముందే అక్క చెప్పుకోవడం మొదలుపెట్టింది.

“మిల్లుల పనిచేసినమ్మా. గందుకే గిట్లున్నయ్. కంపు కొట్టవు.”

డాక్టర్ తలెత్తింది. “నేనేమీ అనుకోవట్లేదు పెద్దమ్మా. మంచి బలమైన చేతులు. మీకు ఫిల్లర్ అవసరమే లేదు. మచ్చలకు లేజర్ చేద్దాం. కానీ ముందు ఈ పగుళ్లు మానాలి.”

పగుళ్లకు ఒక మందు రాసిచ్చి, రాత్రిళ్లు ఆ మందు మీద నూలు గ్లౌజులు తొడుక్కోమంది. అరచేతుల్లో కాయలు మాత్రం పూర్తిగా పోవని ముందే చెప్పేసింది. అక్క బుద్ధిగా తలూపింది. మళ్లీ నెల ఆగాం. మధ్యలో బావ నాకు ఫోన్ చేశాడు.

“మీ అక్క తెల్ల గ్లౌజులేసుకొని పండుకుంటున్నదే. పక్కన ట్రాఫిక్ పోలీసు పండుకున్నట్టున్నది నాకు.”

వెనకాల అక్క నవ్వు వినపడింది. అంతకుముందెన్నడూ ఆ ఇంట్లోంచి అట్లాంటి నవ్వు నేను వినలేదు.

అసలు రోజున మధ్యాహ్నం రెండింటికి వెళ్లాం. ఒక చిన్న గదిలో రెండు వాలు కుర్చీలు, కిటికీకి లేత నీలం పరదా. ఒక నర్సమ్మ వచ్చి మా చేతుల వెనకవైపు తెల్లటి మందు మందంగా రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టింది.

“తిమ్మిరెక్కడానికండి ఇది. ముప్పావుగంట కదలకండి, దేన్నీ ముట్టుకోకండి,” అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఇద్దరం ఒళ్లో దిండ్లు పెట్టుకుని, వాటి మీద చేతులు ఆనించి కూర్చున్నాం. ఆ నాలుగు చేతులకూ చేయడానికి పనిలేదు. నాకు ముక్కు దురద పెట్టింది, గోక్కోలేను. అక్క కొంగు జారింది, సర్దుకోలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. కొంచెంసేపటికి నవ్వు కూడా తగ్గిపోయింది. పరదా గాలికి లోపలికి ఉబ్బి, మళ్లీ కిటికీకి అతుక్కునేది. ఉబ్బినప్పుడల్లా గదంతా నీలంగా అయ్యేది. రోడ్డు మీద లారీల చప్పుడు ఎక్కడో దూరపు ఊళ్లో మాదిరిగా వినపడింది.

“మొద్దుబారుతున్నయే,” అంది అక్క మెల్లగా. కళ్లు మూసుకుని ఉంది. “గిట్లనే ఉంటుండె. యాసంగి నాట్లకు తెల్లారగట్ల నీళ్లల్ల దిగితే, జరసేపటికి ఇగ చేతులు మనయి కావు. నాటుతుంటయ్, వాటి పాటికి అవి. మనం ఇంకెక్కడనో ఉంటం.”

“ఎక్కడుంటుంటివక్కా?”

“ఏడనో. ఒకసారి బస్సుల పోతున్నట్టు అనుకునేదాన్ని. ఒకసారి నువ్వు గట్టు మీద కూసోని పుస్తకం సదువుతుంటే, నేనే సదువుతున్నట్టు. నీకు తెల్వదు, నువ్వు సదివింది నాకు శానా యాదికున్నది. బొటనవేలికి సలి తెల్వకుంట అయినంక, గది మంచిగుంటుండె.”

అక్క తల ఒక పక్కకు వాలింది. అక్క పగటిపూట నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ప్లాస్టిక్ కాగితం కింద ఆ చేతులు మంచు కప్పిన మడుల్లా తెల్లగా, కదలకుండా ఉన్నాయి. గోళ్లు మందంగా, పొట్టిగా ఉన్నాయి. కుడి చూపుడువేలు కొంచెం వంకర. అది ఎప్పుడు వంకరపోయిందో నేను అడిగింది లేదు. నా చేతులు మొద్దుబారాక నాకూ వింతగా అనిపించింది. దిండ్ల మీద ఉన్న నాలుగింటిలో ఏవి నావో నాకు చూస్తే తప్ప తెలియలేదు. చూస్తూ ఉండగా నాకూ కునుకు పట్టింది. ఆ కునుకులో నేను మడిలో ఉన్నాను, అక్క గట్టు మీద ఉంది. నేను దిగినందుకు అక్క అరవలేదు.

నర్సమ్మ వచ్చి లేపింది.

నాకు ముందు చేశారు. వేళ్ల మధ్య నుంచి సన్నటి సూది లోపలికి పంపి, డాక్టర్ మందు నింపింది. నొప్పి లేదు, లోపల ఏదో చల్లగా పాకుతున్నట్టుంది. తర్వాత బొటనవేళ్లతో అదిమి, ఆ మందును చేయంతా పరిచింది. ఇసుక కింద ఏరు ఇంకిపోయినట్టు నరాలు నా కళ్లముందే లోపలికి పోయాయి. ఆ తర్వాత మచ్చలకు లేజర్. అక్కకు లేజర్ ఒక్కటే. ఒక్కో మచ్చ మీద చిటుక్కుమన్నప్పుడల్లా అక్క లోలోపల ప్రభువు పేరు తలుచుకుంది, చేయి మాత్రం లాక్కోలేదు.

మూడు రోజులు సబ్బు ముట్టొద్దని, పొయ్యి సెగకు పోవద్దని, ఎండ తగలనివ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది. నేను మిర్యాలగూడలోనే ఉండిపోయాను. ఇద్దరు ఆడవాళ్లం, నాలుగు చేతులు, ఒక్కటీ పనికి రాదు. వంట బావ చేశాడు.

జీవితమంతా వీపు మీద బస్తాలు మోసిన మనిషి పప్పు గిన్నె ముందు చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

“ఉప్పు ఎంతెయ్యాలె?”

“అందాదగ వెయ్యి,” అంటుంది అక్క మంచం మీద నుంచి.

“నా అందాద నీకు తెల్వదా? అర బస్తా పడ్తది.”

మొదటి రోజు పప్పు ఉప్పు కషాయం. రెండో రోజు అన్నం జావ. మూడో రోజు పచ్చిపులుసు మాత్రం అమృతంలా కుదిరింది. అక్క మంచం మీద కూర్చుని పురమాయిస్తూనే ఉంది. మధ్యమధ్య అలవాటు కొద్దీ లేవబోయేది. బావ గరిటె చూపించి కూర్చోబెట్టేవాడు. రెండో రోజు మధ్యాహ్నం, నేను పడుకున్నాననుకుని, అక్క ఆయనకు ఆ పెళ్లిలో జరిగిన సంగతి చెప్పింది. బావ “నాకప్పుడే చెప్తే ఏం పోతుండె?” అన్నాడు. తర్వాత ఆయన గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది, ఎప్పటికన్నా మెల్లగా.

నా చేతులు మొదట బూరెల్లా ఉబ్బి, వారానికి తగ్గాయి. మచ్చలు కాఫీపొడి చల్లినట్టు నల్లబడి, పన్నెండో రోజుకు రాలిపోయాయి. అద్దంలో కాకుండా నేరుగా చూసుకోగలిగిన అందం అదొక్కటే కాబోలు, పనిలో పనిగా చూసుకుంటూనే ఉండేదాన్ని. ఆ సంబరంలో ఒకరోజు క్రీము రాయకుండా, ఎండలో ఒక పెళ్లి ఊరేగింపు వెంట నడిచాను. ఎడమచేతి మీద రెండు మచ్చలు మునుపటి కన్నా ముదురుగా తిరిగొచ్చాయి. డాక్టర్ కోప్పడింది. అవి ఇప్పటికీ ఉన్నాయి, నెమ్మదిగా తగ్గుతున్నాయి.

దుకాణంలో గులాబీ గోళ్ల పిల్ల నర్సింగ్‌లో సీటొచ్చి వెళ్లిపోయింది. సేటు కోడలు ఒకరోజు, “ఆంటీ, ఇయ్యాల మీరే పరుచుండ్రి,” అంది. పరిచాను. కింద ఎవరూ చేతుల గురించి రాయలేదు. బ్లౌజు పీసు వస్తుందా అని అడిగారు. నేను మళ్లీ మళ్లీ వెతికాను. కొంచెం నిరాశపడ్డానని కూడా ఒప్పుకోవాలి. అంత కష్టపడ్డ చేతుల గురించి ఎవరైనా ఒక్కమాట రాస్తారేమో అనుకున్నాను.

అక్క చేతులు నావాటిలా తేటపడలేదు. మచ్చలు సగానికి పైగా పోయాయి, పగుళ్లు మానాయి, చర్మం మెత్తబడింది. కొత్తగా చూసేవాళ్లకు అవి ఒక పెద్దామె చేతులు, అంతే. అక్కకు అదే కావలసిందట.

“ఎవ్వరు ఒక చూపు ఎక్కువ సూడొద్దు. గంతే,” అంది.

మొన్న వానాకాలం మొదట్లో ఇద్దరం ఇంకోసారి చూపించుకోవడానికి బయలుదేరాం. ముందురోజే నేను మిర్యాలగూడ వెళ్లాను. హుజూర్‌నగర్‌లో బస్సు కాసేపు ఆగింది. చినుకులు పడి వెలిశాయి, రోడ్డంతా వెలుతురు తడిసినట్టుంది. బస్టాండు గోడ పక్కన ఒకామె గాజుల బుట్ట పెట్టుకుని కూర్చుంది. మిల్లులో ఉన్నన్నాళ్లూ పగులుతాయని అక్క గాజులు వేసుకోలేదు. తర్వాత ఎందుకో వేసుకోలేదు. కిటికీలోంచి చాలాసేపు చూసి, ఏమీ చెప్పకుండా దిగింది. నేనూ వెనకే దిగాను.

అక్క బుట్ట ముందు గొంతుక్కూర్చుని, కుడిచేయి చాపింది. గాజులామె ఆ చేతిని తీసుకుని, వేళ్లు దగ్గరకు నొక్కి కొలత చూసింది. ముఖం వైపు చూడలేదు. ఆమె రోజుకు ఎన్ని చేతులు చూస్తుందో.

“ఏ రంగు కావాలమ్మా?”

అక్క నా వైపు చూసింది. చీరల మధ్య బతికినదాన్ని, రంగు చెప్పడం నా పనే. కానీ ఆ రోజు నేను నోరు మెదపలేదు.

“పచ్చయి,” అంది అక్క. “కాదు, ఉండు. ఎర్రయి ఉన్నయా? సన్నయి.”

“చెయ్యి మెత్తగ పెట్టు. గట్టిగ పట్టకు, బొక్క పెద్దది నీది,” అంది గాజులామె. ఒక్కో గాజును మెల్లగా తిప్పుతూ, బొటనవేలి ఎముక దగ్గర ఆపి, నొక్కి, దాటించింది. దాటినప్పుడల్లా అక్క ఊపిరి బిగపట్టి వదిలింది. ఆరు గాజులు ఎక్కాక డ్రైవర్ హారన్ కొట్టాడు. రెండో చేతికి టైం లేదు. గాజులామె మిగతా ఆరింటినీ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

పరుగున వచ్చి ఎక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చుని, ఆయాసం తీరాక, కుడిచేయి కిటికీ చువ్వ మీద ఆనించింది. బస్సు కుదిపినప్పుడల్లా గాజులు మోగాయి. రోడ్డు పక్క మడుల్లో అప్పుడప్పుడే నీళ్లు పెడుతున్నారు. అక్క కొంతసేపు వాటిని చూసింది, కొంతసేపు చేతిని చూసింది.